ఇథియోపియాలో నా స్టూడెంట్‌ని విదేశీ మాస్టర్స్‌కి ఎలా పంపాలి? పదేళ్ళు అక్కడ పాఠాలు చెప్పినవాడి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకు కూడా అర్థమయ్యేలా ముందు సంగతేమిటో చెప్తాను. దక్షిణ ఇథియోపియాలో లెక్చరర్‌గా చేరి నీకింకా ఏడాది కాలేదు. నీ క్లాసులో ఫైనలియర్ అమ్మాయి, వాటర్ రిసోర్సెస్ ఇంజనీరింగ్, సీజీపీఏ 4కి 3.72. నాన్న చిన్న రైతు. బయటి దేశంలో మాస్టర్స్ చేయాలని పట్టుదల. "సార్, నేను దేనికి అప్లై చేయాలి?" అని ఆ అమ్మాయి అడిగితే నువ్వు నెట్‌లో వెతికావు, ఆఫ్రికా విద్యార్థులకు యాభై స్కాలర్‌షిప్పులు అంటూ నాలుగైదు జాబితాలు దొరికాయి, అవి చూసి నీకే కళ్ళు తిరిగాయి.

నేను 2011 నుంచి 2021 దాకా అక్కడే ఉన్నాను, హైడ్రాలిక్స్, ఇరిగేషన్ చెప్పేవాణ్ణి. ఇప్పటికీ నా టెలిగ్రామ్ నిండా అక్కడి నా స్టూడెంట్లే (అక్కడ వాట్సాప్ కంటే టెలిగ్రామే ఎక్కువని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది). నేను చూసినంతలో ఈ పిల్లలకు స్కాలర్‌షిప్ చేజారేది సెలక్షన్ కమిటీ దాకా వెళ్ళాక కాదు, అంతకు చాలా ముందే, పేరులో ఒక అక్షరం దగ్గరో, ఒక స్టాంపు దగ్గరో, ఒక తేదీ దగ్గరో, కట్టలేకపోయిన యాభై డాలర్ల దగ్గరో. 3.9 ఉన్న కుర్రాడు ఇంట్లో కూర్చుంటే 3.3 వాడు బెల్జియం వెళ్ళడం నా కళ్ళతో చూశాను. రెండోవాడి ఫైలు సరిగ్గా ఉంది, అంతే తేడా. అందుకే స్కాలర్‌షిప్పుల పేర్లు తర్వాత చెప్తాను, ముందు ఫైలు.

ఇది ఇవాళ్టి సమస్య కూడా కాదు. 1959లో కెన్యాలో టామ్ ఎంబోయా అనే కార్మిక నాయకుడు ఒక విమానం ఏర్పాటు చేశాడు. అప్పటికే చాలామంది కుర్రాళ్ళకు అమెరికా కాలేజీలు సీటిచ్చాయి, ఫీజులో సాయం కూడా ఇస్తామన్నాయి, కానీ నైరోబీ నుంచి న్యూయార్క్ వెళ్ళడానికి టికెట్ డబ్బు ఎవరి దగ్గరా లేదు. ఎంబోయా అమెరికా అంతా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు, బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్, నటుడు సిడ్నీ పోటియే లాంటివాళ్ళు చందాలకు విజ్ఞప్తి చేశారు, ఆ సెప్టెంబర్‌లో 81 మంది బయల్దేరారు. మరుసటేడు కెనడీ కుటుంబ ఫౌండేషన్ లక్ష డాలర్లిచ్చింది. 1960లో అలా వెళ్ళి కాన్సాస్‌లో ఒక చిన్న కాలేజీలో చదువుకున్న అమ్మాయే వంగారి మాతాయ్, 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది ఆవిడకే. సీటుంది, ఫీజుంది, టికెట్ లేదు. ఇప్పుడు ఆ టికెట్ స్థానంలో ఐఈఎల్‌టీఎస్ ఫీజు, నోటరీ, కొరియర్, వీసా కోసం రాజధానికి బస్సు చార్జీ వచ్చాయి.

సరే, ఫైలు. రేపు ఆ అమ్మాయిని పాస్‌పోర్టు, పన్నెండో తరగతి సర్టిఫికెట్, ట్రాన్‌స్క్రిప్ట్ తెచ్చి నీ టేబుల్ మీద పక్కపక్కన పెట్టమను. మూడింట్లో పేరు ఒకేలా ఉందా చూడు. ఉండదు, పందెం. మన ఇంటిపేరు ముందు రాస్తే అమెరికాలో దాన్నే పేరనుకుని పిలుస్తారని మనం నవ్వుకుంటాం కదా, వాళ్ళకు అసలు ఇంటిపేరే లేదు. తన పేరు, తర్వాత నాన్న పేరు, తర్వాత తాత పేరు. యూనివర్సిటీ కాగితాల్లో ఒక్కోసారి రెండు పేర్లే ఉంటాయి, పాస్‌పోర్టులో తాత పేరు సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. ఇక వాళ్ళ అమ్‌హారిక్ భాష లిపి నుంచి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఎవరికి తోచిన స్పెల్లింగ్ వాళ్ళు రాస్తారు. త్సెహాయ్ అనే పేరుంటే ఒకచోట చివర ఐ, ఇంకోచోట వై. మనకిది చిన్న విషయం. అవతల ఆన్‌లైన్ ఫారం తీసుకునేవాడికి వీళ్ళిద్దరూ వేర్వేరు మనుషులు. పాస్‌పోర్టు ఇంకా తీసుకోకపోతే మరీ మంచిది, సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే తీసుకోమను. ముందే తీసేసుకుని ఉంటే ఇద్దరూ ఒకరేనని అధికారిక లేఖ ఒకటి రిజిస్ట్రార్ నుంచి ఇప్పుడే సంపాదించి పెట్టుకోమను, చివరి వారంలో అది దొరకదు.

తర్వాత తేదీలు. ఇథియోపియా కేలండర్ మన కేలండర్ కంటే ఏడెనిమిదేళ్ళు వెనక, నెలలు పదమూడు, కొత్త సంవత్సరం సెప్టెంబర్ 11న. ఇది టూరిస్టులకు సరదా కబురు, అప్లికేషన్‌లో మాత్రం గండం. మా డిపార్ట్‌మెంట్‌లో 2017 జూలైలో పాసైన కుర్రాడి టెంపరరీ డిగ్రీ మీద 2009 అని ఉంది, వాళ్ళ లెక్కలో అది కరెక్టే. అతను 2019లో ఒక యూరప్ స్కాలర్‌షిప్‌కి పెట్టాడు. దానికి డిగ్రీ ఆరేళ్ళలోపుదై ఉండాలనే నియమం ఉంది. అర్హత లేదని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. మేము ఆలస్యంగా చూసుకున్నాం, అప్పటికి గడువు అయిపోయింది, పాపం అతను నా గదిలో కూర్చుని ఆ 2009 అంకె మీద వేలు పెట్టి అలాగే చూస్తూ ఉండిపోయాడు. కాబట్టి ప్రతి కాగితం మీదా గ్రెగోరియన్ తేదీ ఉందో లేదో చూడు, లేకపోతే కొత్తది తీయించు. పుట్టినరోజు కూడా అంతే, ఒక్కో చోట ఒక్కోలా మార్చి ఉంటారు.

గడియారం కూడా వేరే, ఇది కొత్తగా వచ్చిన మనవాళ్ళందరూ ఒక్కసారైనా దెబ్బతినే విషయం. వాళ్ళకు పగలు మొదలయ్యేది మనకు ఉదయం ఆరుకి, మన తొమ్మిది వాళ్ళకు మూడు. ఇంకో అమ్మాయికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ తూర్పు ఆఫ్రికా టైములో పదింటికి అని మెయిల్ వస్తే తను వాళ్ళ పది అనుకుంది, అంటే సాయంత్రం నాలుగు. పదిన్నరకి నేను కాఫీ తాగుతూ యథాలాపంగా ఎలా జరిగిందని మెసేజ్ పెడితే "ఇంకా టైముంది సార్" అంది! ఆరోజు నాకు పట్టిన చెమటలు నాకు తెలుసు. అదృష్టం బాగుండి వాళ్ళు మధ్యాహ్నం ఇంకో స్లాట్ ఇచ్చారు. అందరూ ఇవ్వరు.

రిజిస్ట్రార్ ఆఫీసు గురించి నీకు చెప్పక్కర్లేదనుకుంటా. "ఇషీ, నెగే", సరే, రేపు. ఆ రేపు మూడు వారాలు కూడా కావచ్చు. వాళ్ళని తిట్టి లాభం లేదు, గ్రాడ్యుయేషన్ సీజన్‌లో వేలమంది పిల్లలకు ముగ్గురు క్లర్కులు ఉంటారు. ఆ గుంపు రాకముందే వెళ్ళాలి. ఇంకో ముఖ్యమైన మాట: అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీ చదువుకయ్యే ఖర్చులో కొంత భాగం విద్యార్థి తర్వాత తిరిగి కట్టాలి, కాస్ట్ షేరింగ్ అంటారు, అది తీరేదాకా ఒరిజినల్ డిగ్రీ చేతికివ్వరు, టెంపరరీయే ఇస్తారు. ఎక్కువ స్కాలర్‌షిప్పులు అప్లికేషన్ దశలో టెంపరరీకి ఒప్పుకుంటాయి, కానీ సీటొచ్చాక ఒరిజినల్ అడిగే చోట్లున్నాయి. ఎంత కట్టాలో ఇప్పుడే కనుక్కోమను. స్టాంపు లేని కాగితం అక్కడ కాగితమే కాదు, మహతెం అంటారు, ఆ ఊదారంగు ముద్ర సగం పడి సగం పడకపోతే మళ్ళీ వేయించు. స్కాన్‌లో కనపడదు.

ఇప్పుడు డబ్బు. ఆ పల్లెటూరి పిల్లకు డాలర్లలో కట్టే కార్డు ఉండదు. నేనున్నన్నాళ్ళూ చాలామంది పిల్లల ఫీజులు నా ఇండియా కార్డుతో కట్టాను, వాళ్ళు అక్కడి కరెన్సీ బిర్రుల్లో నాకిచ్చేవాళ్ళు, ఇవ్వలేనివాళ్ళు ఇవ్వలేదు, పోనీలే. 2024 జూలైలో బిర్రు విలువను మార్కెట్‌కి వదిలేశాక డాలరుకు 57 దగ్గరున్నది వారాల్లోనే వంద దాటింది. అంటే 200 డాలర్లకు పైనుండే ఐఈఎల్‌టీఎస్ ఫీజు ఆ రైతుకు ఒక్కసారిగా రెట్టింపయినట్టే. అందుకని మొదట అడగాల్సింది ఇంగ్లీషు పరీక్ష లేకుండా ఎక్కడ కుదురుతుందని. ఇథియోపియాలో యూనివర్సిటీ చదువంతా ఇంగ్లీషులోనే కాబట్టి ఆ సంగతి రాసిన లేఖను చాలా కోర్సులు ఒప్పుకుంటాయి, ఒప్పుకోనివీ ఉన్నాయి. కోర్సు పేజీలో చదువు, అర్థం కాకపోతే మెయిల్ పెట్టించు. మెయిల్‌కి డబ్బు కాదు కదా.

ఫీజుల విషయంలో ఒక్క గీత గుర్తుంచుకో. బ్రిటన్ ప్రభుత్వ చెవెనింగ్, టర్కీ ప్రభుత్వ స్కాలర్‌షిప్, యూరోపియన్ యూనియన్ ఎరాస్మస్ ముండస్, మన భారత ప్రభుత్వ ఐసీసీఆర్, ఇవేవీ అప్లికేషన్‌కి డబ్బు తీసుకోవు. యూనివర్సిటీలు తీసుకుంటాయి, స్వీడన్ 900 క్రోనర్లు, అమెరికా యూనివర్సిటీలు ఒక్కోటి ఒక్కోలా, వాటిలో చాలా అడిగితే మాఫీ కూడా చేస్తాయి. మధ్యలో "ప్రాసెసింగ్ చార్జీ" అడిగేవాడు మాత్రం దొంగ. ఫేస్‌బుక్, టెలిగ్రామ్ చానళ్ళలో వీళ్ళు కుప్పలు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అప్లికేషనే పెట్టకుండా కెనడా సీటు కన్ఫర్మ్ అని లెటర్ చూపిస్తారు. మా ప్యూన్ కొడుకు ఇలా ఓ ఏజెంటుకి వాళ్ళమ్మ ఆవును అమ్మి ఇచ్చాడు.

ఇక అసలు నువ్వడిగింది. ఆ యాభై పేర్లలో సగం ఈ అమ్మాయికి ఇవాళ పనికిరావు, ఎందుకంటే అవి ఉద్యోగ అనుభవం అడుగుతాయి. చెవెనింగ్ బ్రిటన్ వాళ్ళది, ఏడాది మాస్టర్స్, పేరున్నది, కానీ 2,800 గంటల పని అనుభవం కావాలి, అంటే దాదాపు రెండేళ్ళు. జర్మనీలో డీఏఏడీ అనే స్కాలర్‌షిప్ సంస్థ వాళ్ళ అభివృద్ధి కోర్సుల స్కాలర్‌షిప్‌కి కూడా రెండేళ్ళు ఉండాలి, దాంట్లో నీళ్ళకు సంబంధించిన మంచి కోర్సులున్నాయి, అందుకని ఆ అమ్మాయి డైరీలో రెండేళ్ళ తర్వాతి పేజీలో రాసుకోమను. స్వీడిష్ ఇన్‌స్టిట్యూట్ అనే ప్రభుత్వ సంస్థది 3,000 గంటలు. కామన్వెల్త్ స్కాలర్‌షిప్ అని నీ జాబితాలో రెండుచోట్ల ఉంది, అది కొట్టెయ్. ఇథియోపియా కామన్వెల్త్‌లో లేదు. రువాండా 2009లో చేరింది, మొజాంబిక్ 1995లో చేరింది, వాళ్ళకు వస్తుంది, కెన్యా, టాంజానియా, ఘనా, నైజీరియా పిల్లలకు అది బంగారం, వీళ్ళకు లేదు. ఆఫ్రికా అంటే ఒక దేశం అన్నట్టు రాసే జాబితాలతో వచ్చే తంటా ఇదే.

ఇప్పుడే పెట్టదగిన వాటిలో నా ఓటు ఎరాస్మస్ ముండస్‌కి. యూరప్‌లో కనీసం రెండు దేశాల్లో తిరిగి చదివే జాయింట్ మాస్టర్స్. ఫీజు వాళ్ళదే, నెలకు 1,400 యూరోలు, రెండేళ్ళు. ప్రయాణం, వీసా, ఇంటి అడ్వాన్సు అన్నీ ఆ 1,400లోంచే చూసుకోవాలి. మొదటి నెల డబ్బు అకౌంట్లో పడేలోపు అక్కడ బతకడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలని ముందే చెప్పు, ఇది ఎవరూ చెప్పరు. ఫైనలియర్‌లో ఉండగానే పెట్టుకోవచ్చు, కోర్సు మొదలయ్యేలోగా డిగ్రీ చేతికొస్తే చాలు. నీళ్ళ మీద వాళ్ళకు మంచి కోర్సులుంటాయి. భూగర్భ జలాల మీద పోర్చుగల్‌లో లిస్బన్, నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్, జర్మనీలో డ్రెస్డెన్ విద్యాసంస్థలు కలిసి నడిపేది ఒకటి, వరదల మీద ఇంకోటి. జాబితా ఏటా కాస్త మారుతుంది, వాళ్ళ కేటలాగ్ తెరిచి చూడండి. అక్టోబర్ నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా గడువులు. ఒక్కో కోర్సుకి అప్లికేషన్ వేరు, అన్నింటికీ ఒకే ఉత్తరం పంపితే మొదటి పేరాలోనే పట్టేస్తారు.

బెల్జియంలో వీఎల్‌ఐఆర్-యూఓఎస్ అనే యూనివర్సిటీల సహకార సంస్థ డబ్బుతో లూవెన్, బ్రసెల్స్ యూనివర్సిటీలు కలిసి నడిపే వాటర్ రిసోర్సెస్ మాస్టర్స్ ఉంది. నేను చెప్పిన 3.3 కుర్రాడు వెళ్ళింది అక్కడికే. ఇథియోపియాలోని అర్బామించ్, జిమ్మా యూనివర్సిటీలతో వాళ్ళకు ఏళ్ళ తరబడి సంబంధాలున్నాయి, ఇథియోపియా ట్రాన్‌స్క్రిప్ట్ చూసి అక్కడివాళ్ళు తికమక పడరు. అది చిన్న సౌకర్యం కాదు.

దక్షిణ కొరియా ప్రభుత్వం ఇచ్చే జీకేఎస్ స్కాలర్‌షిప్ గురించి మనవాళ్ళకు తెలియని ఒక సంగతి. కొరియా యుద్ధంలో ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ కాగ్న్యూ బెటాలియన్లను పంపాడు, 1951 నుంచి వాళ్ళు అక్కడ పోరాడారు. ఆ సైనికుల వారసులకు జీకేఎస్‌లో ప్రాధాన్యం ఉంటుంది. తాత సైన్యంలో పనిచేశాడా అని ఆ అమ్మాయిని ఒకసారి అడుగు, నవ్వులాటకి కాదు. మొదటి ఏడాది కొరియన్ భాష నేర్పిస్తారు. టర్కీ వాళ్ళదీ అదే పద్ధతి, ఒక ఏడాది టర్కిష్, సాధారణంగా జనవరి 10 నుంచి ఫిబ్రవరి 20 దాకా తెరుస్తారు, మాస్టర్స్‌కి 30 ఏళ్ళలోపు వయసు, 75 శాతం మార్కులు ఉండాలి. జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కి ఎంబసీలో రాతపరీక్ష ఉంటుంది. హంగరీ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి ఇథియోపియా విద్యాశాఖ నామినేషన్ కావాలి, అంటే రాజధాని అడిస్ అబాబాలో ఇంకో క్యూ. చైనా సీట్లు ఎక్కువ, తేలిగ్గా వస్తాయి, కానీ ఇంగ్లీషు మీడియం అని రాసి చైనీస్‌లో క్లాసు చెప్పే చోట్లున్నాయని వెళ్ళినవాళ్ళే చెప్పారు, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు చదువుతున్నవాళ్ళని అడగకుండా పెట్టొద్దు.

మన దేశం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆ అమ్మాయి నిన్నే అడుగుతుంది, "ఇండియా ఎలా ఉంటుంది సార్?" అని. 2015లో ఢిల్లీలో జరిగిన ఇండియా-ఆఫ్రికా శిఖరాగ్ర సమావేశంలో మన ప్రభుత్వం ఐదేళ్ళలో ఆఫ్రికా వాళ్ళకు 50,000 స్కాలర్‌షిప్పులిస్తామంది. ఐసీసీఆర్ పోర్టల్‌లో ఐదు యూనివర్సిటీలు ఎంచుకోవాలి, ఒక వ్యాసం రాయాలి, ఫీజుండదు. పీజీకి నెలకు 20,000 రూపాయల స్టైపెండ్, ఇంటద్దె విడిగా. రూర్కీలో అయితే 1955లోనే ఆసియా, ఆఫ్రికా దేశాల ఇంజనీర్ల కోసం నీటివనరుల శిక్షణ కేంద్రం పెట్టారు, ఇప్పుడది ఐఐటీలో భాగం. ఇథియోపియా నీటిపారుదల శాఖలో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళని కదిలిస్తే రూర్కీ పేరు వస్తుంది. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఇథియోపియా లెక్చరర్లు పీహెచ్‌డీలు చేశారు. మా విభాగాధిపతి వాళ్ళలో ఒకడు, బీచ్ రోడ్డు, పూర్ణా మార్కెట్ అన్నీ నాకంటే బాగా చెప్పేవాడు, అన్నంలో పెరుగు కలుపుకోవడం కూడా నేర్చుకొచ్చాడు.

కానీ నిజం కూడా చెప్పు. హైదరాబాద్‌లో నల్లవాళ్ళకి ఇల్లు అద్దెకివ్వడానికి మనవాళ్ళు ఎలా ముఖం తిప్పుకుంటారో నీకు తెలుసు, నాకు తెలుసు. ఆటోవాళ్ళ చూపులు, పక్కింటివాళ్ళ గుసగుసలు. హాస్టల్ దొరికే చోటే పెట్టమను, మరీ ముఖ్యంగా అమ్మాయి కాబట్టి. అక్కడ మనల్ని "ఇండియా మాస్టారు" అని కాఫీకి ఇంట్లోకి పిలిచి మూడు కప్పులు తాగేదాకా లేవనివ్వని మనుషులు వాళ్ళు. ఆ తేడా గుర్తొస్తే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇంకో మాట, బయట అంటే యూరప్, అమెరికాయే కానక్కర్లేదు. ఆఫ్రికన్ యూనియన్ నడిపే పాన్ ఆఫ్రికన్ యూనివర్సిటీకి అల్జీరియాలోని త్లెంసెన్‌లో నీరు, ఇంధనం మీదే ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది, పూర్తి స్కాలర్‌షిప్ మీద తీసుకుంటారు. గణితం బలంగా ఉంటే ఎయిమ్స్, మన హాస్పిటల్ ఎయిమ్స్ కాదు, ఆఫ్రికన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ మ్యాథమెటికల్ సైన్సెస్, 2003లో కేప్‌టౌన్ దగ్గర మొదలై ఇప్పుడు రువాండా, ఘనా, సెనెగల్, కామెరూన్‌లలో కూడా ఉంది. మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ స్కాలర్స్ అని 2012 నుంచి నడుస్తోంది, దానికి నేరుగా అప్లై చేయడం ఉండదు, భాగస్వామి యూనివర్సిటీల ద్వారానే, ఎడిన్‌బరా, కేంబ్రిడ్జి ఉన్నాయి, కంపాలాలో మకెరెరె, ఇథియోపియాలోనే గోండర్ కూడా ఉన్నాయి. పేదింటి పిల్లలని, అందులోనూ ఆడపిల్లల్ని ప్రత్యేకంగా చూస్తారు, కాబట్టి ఇంటి పరిస్థితి దాచుకోకుండా రాయమను. అక్కడి పిల్లలు అది చెప్పుకోవడం నామోషీ అనుకుంటారు.

అమెరికా గురించి పొడుగ్గా చెప్పను. సైన్స్, ఇంజనీరింగ్‌లో అక్కడ అసలు డబ్బు స్కాలర్‌షిప్ అనే పేరుతో ఉండదు, ప్రొఫెసర్ దగ్గరుండే రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌లో ఉంటుంది, మన పిల్లలకు తెలిసిన దారే. అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫుల్‌బ్రైట్ మంచిది, అయిపోయాక రెండేళ్ళు సొంత దేశంలో ఉండి తీరాలి. కానీ వీసాల వాతావరణం బాలేదు. 2025 జూన్‌లో ఎరిట్రియా, సోమాలియా, సూడాన్ సహా కొన్ని దేశాలవాళ్ళ ప్రవేశాన్నే ఆపేశారు, జూలైలో ఇథియోపియా వాళ్ళకిచ్చే చాలా వీసాలని మూడు నెలలు, ఒక్క ప్రవేశానికి కుదించారు. ఒక్క దాని మీదే ఆశ పెట్టుకోవద్దని చెప్పు.

ఇప్పుడు నీ పని. నువ్వు ఆ అమ్మాయికి చేయగల అన్నింటికంటే పెద్ద సాయం స్కాలర్‌షిప్ వెతకడం కాదు, రికమెండేషన్ లెటర్. మనవాళ్ళు రాసే లెటర్ ఎలా ఉంటుందో చెప్పనా? ఈ అమ్మాయి నాకు రెండేళ్ళుగా తెలుసు, కష్టపడి చదువుతుంది, సత్ప్రవర్తన కలది, క్లాసుకి క్రమం తప్పకుండా వస్తుంది, ఆమె భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాను, ఇట్లు. నేనూ మొదటి రెండేళ్ళు ఇదే రాశాను, పేరు మార్చి అందరికీ ఇచ్చాను. ఆ లెటర్లు పట్టుకుని వెళ్ళిన ఒక్కరికీ రాలేదు. ఒకే మాస్టారి దగ్గర్నుంచి ఇద్దరు ఒకే కోర్సుకి ఒకే లెటర్‌తో పెడితే ఏమవుతుందో ఊహించుకో, అదీ జరిగింది.

తర్వాత ఒకమ్మాయికి రాసేటప్పుడు ఎందుకో కుదురుగా కూర్చుని ఆలోచించాను. ఫీల్డ్‌వర్క్‌లో ఒక వాగు దగ్గర ప్రవాహం కొలుస్తున్నాం, కరెంట్ మీటర్ (నీటి వేగం కొలిచేది) రీడింగులు తేడాగా వస్తున్నాయి, అందరూ రాసేసుకుంటున్నారు, ఈ పిల్ల మాత్రం చెప్పులు విప్పి వాగులో దిగి, ఒక ఎండుపుల్ల నీళ్ళలో వేసి పది మీటర్లకు ఎన్ని సెకన్లు పడుతుందో తన ఫోన్‌లో లెక్క చూసి, "సార్, మీటర్ తప్పు చూపిస్తోంది" అంది. విప్పి చూస్తే ప్రొపెల్లర్‌లో నాచు ఇరుక్కుని ఉంది. అది రాశాను, ఉన్నదున్నట్టు, ఆరు వాక్యాలు. క్లాసులో 46 మందిలో ఆమె మూడోదని, మొదటి ఇద్దరికంటే ఫీల్డ్‌లో నేను ఈమెనే నమ్ముతానని, రిపోర్టులు రాయడంలో ఇంకా బలహీనమేనని కూడా రాశాను. ఆమె డెల్ఫ్ట్‌లో చదివింది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే ఆ ఎండుపుల్ల గురించట.

లెటర్ నీ యూనివర్సిటీ మెయిల్ నుంచే వెళ్ళాలి, జీమెయిల్ నుంచి పంపితే చాలాచోట్ల లెక్కలోకి తీసుకోరు. మీ యూనివర్సిటీ మెయిల్ పనిచేయడం లేదంటావు, తెలుసు, ఐసీటీ, అంటే కంప్యూటర్ విభాగం వాళ్ళ దగ్గరికి వెళ్ళి చేయించుకో, నాకు ఆరు వారాలు పట్టింది. రెండో లెటర్ ఇథియోపియా ప్రొఫెసర్ దగ్గర తీసుకోమను, ఇద్దరూ విదేశీ మాస్టర్లయితే కాస్త తేడాగా కనిపిస్తుంది. గడువుకి కనీసం పది రోజుల ముందు అంతా అప్‌లోడ్ అయిపోవాలి. 2020 జూన్ చివర్లో గాయకుడు హచాలు హుండెస్సా హత్య తర్వాత దేశమంతా మూడు వారాలకు పైగా ఇంటర్నెట్ ఆపేశారు, మా ముగ్గురు పిల్లల గడువులు ఆ మూడు వారాల్లోనే దాటిపోయాయి. ఉత్తరాన టిగ్రాయ్ ప్రాంతంలో జరిగిన యుద్ధంలో అక్కడి మెకెలె యూనివర్సిటీ పిల్లలు ట్రాన్‌స్క్రిప్ట్ కూడా తెచ్చుకోలేకపోయారు. కాగితాలన్నీ స్కాన్ చేసి ఒక కాపీ నీ లాప్‌టాప్‌లో, ఇంకోటి ఆమె పెన్‌డ్రైవ్‌లో పెట్టండి.

ఈ వారం ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి పేర్లు, తేదీలు ఎలా ఉన్నాయో ఇక్కడ రాయి, ఆమె పేరు మాత్రం రాయకు. లెటర్ మొదటి డ్రాఫ్ట్ కూడా పెట్టు. సత్ప్రవర్తన కలది అని ఉంటే చదవను.